రంగు ఆఖరున: కారు చక్రాలు మార్చడం, మళ్లీ ఫినిషింగ్ ఇవ్వడం గురించి ఒక ప్రసంగం

(తిరుపతిలో టాక్సీ డ్రైవర్లూ, కారు పనివాళ్లూ కూర్చున్న ఒక సమావేశంలో, చక్రాల పనిలో చాలాకాలంగా ఉన్న ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్లున్నారు. వెనకాల ఆటోనగర్ పిల్లలు నిలబడే ఉన్నారు. తమ్ముళ్లూ, ముందుకొచ్చి కింద కూర్చోండి, ఏం పరవాలేదు. ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే. రేపు స్పానర్ పట్టేది మీరే కదా.

నన్ను మాట్లాడమన్నది అలాయ్ వీల్స్, అంటే అల్యూమినియం మిశ్రమంతో పోసిన కారు చక్రాల గురించి. పాతవి తీసి వేరేవి వేయడం, గీతలు పడ్డవాటికి మళ్లీ ఫినిషింగ్ ఇవ్వడం. షాపుకొచ్చిన కస్టమర్ మొట్టమొదట ఏమడుగుతాడు? "అన్నా, ఏ రంగు బాగుంటుంది? గన్‌మెటల్ వేద్దామా, నల్లరంగు వేద్దామా?" అని. నేను చెప్పేది ఒకటే. రంగు ఆఖరున. మళ్లీ చెబుతున్నా, రంగు ఆఖరున. దానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. అవన్నీ కారు పక్కన నిలబడితే కనపడని చోట ఉంటాయి. హబ్‌కి, అంటే కారు వైపు చక్రాన్ని బిగించే గుండ్రటి భాగానికి, ఆనే ముఖం, నట్టు కూర్చునే గుంత, టైరు అంచు పట్టుకునే గాడి, వేడి చేసి ఆ లోహానికి ఎక్కించిన పదును, అంటే బలం. ఇవి సరిగ్గా ఉన్నాక మీరు నెమలి రంగు వేసినా నాకు అభ్యంతరం లేదు.

మన ఊళ్లో దీనికి ఇంత పట్టింపు ఎందుకు? ఎదురుగా కొండ ఉంది కాబట్టి. ఇప్పుడు మనం దిగే దారి 1944లో తెరిచింది, ఎక్కే దారి 1974లో వచ్చింది. దిగేటప్పుడు 36 మలుపులు. పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు, కిందికి 40 నిమిషాల కంటే ముందు రాకూడదు అని దేవస్థానం నిబంధన పెట్టింది. అది మీ అందరికీ తెలుసు. ఆ మలుపుల్లో ఏం జరుగుతుందో కాస్త ఆలోచించండి. ఇన్నోవాలో ఏడుగురు, వెనకాల లగేజీ. ఎడమకు తిరిగితే బరువంతా కుడి చక్రాల మీదికి వస్తుంది. మరుక్షణం కుడికి తిరిగితే ఎడమ చక్రాల మీదికి. పైగా బ్రేకు. బ్రేకు డిస్కులో పుట్టిన వేడి హబ్‌లోకి, హబ్ నుంచి రిమ్ములోకి పాకుతుంది. ఇన్ని పరీక్షలు ఒక్క దిగుడులో. రోజుకు రెండు ట్రిప్పులు వేసే బండి ఎన్ని మలుపులు తిరుగుతుందో మీరే లెక్కేసుకోండి.

సరే, పనిలోకి వద్దాం. ముందు కొనడం గురించి.

రిమ్ము వెనక తిప్పి చూడండి. ముందు కాదు, వెనక. అక్కడ పోతలోనే అచ్చయిన అంకెలుంటాయి. 6 జె 15 అని ఉంటే వెడల్పు ఆరు అంగుళాలు, వ్యాసం పదిహేను అంగుళాలు. ఈటీ 45 అని ఒకటి ఉంటుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. రిమ్ము వెడల్పుకి సరిగ్గా నడుమ ఒక గీత ఊహించుకోండి. హబ్‌కి ఆనే ముఖం ఆ గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకి ఉందో అదే ఈటీ, మనం ఆఫ్‌సెట్ అంటాం. 45 ఉన్నచోట 35 వేస్తే ఏమవుతుంది? చక్రం సెంటీమీటరు బయటికొస్తుంది. చూడ్డానికి దిట్టంగా ఉంటుంది, కుర్రాళ్లకు నచ్చుతుంది. కానీ బేరింగు మీద పడే పట్టు మారిపోతుంది, స్టీరింగ్ గుంజుతుంది, నలుగురు ఎక్కితే టైరు పైనుండే రేకుకి, ఫెండర్‌కి, రాసుకుంటుంది.

తర్వాత పీసీడీ. బోల్టులన్నీ ఏ వృత్తం మీద ఉన్నాయో దాని వ్యాసం. స్విఫ్ట్‌కి నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్లు. ఇన్నోవాకి అయిదు బోల్టులు, 114.3. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. కొన్ని ఫియట్ కార్లకి నాలుగు బోల్టులే, కానీ 98. రెండు మిల్లీమీటర్ల తేడా. ఆ రిమ్ము తెచ్చి 100 ఉన్న హబ్ మీద పెడితే ఎక్కేస్తుంది! కాస్త గట్టిగా తిప్పితే నట్లు కూడా బిగుసుకుంటాయి. బిగిసింది కదా అని సరిపోయిందనుకుంటారు. నిజానికి నాలుగు బోల్టులూ కొంచెం వంగి, నట్లు గుంతలో ఒక పక్కకే ఆని ఉంటాయి. అలాంటి నట్టు వదులవుతుంది, లేదా బోల్టే తెగుతుంది. సెకండ్‌హ్యాండ్ రిమ్ములు కొనేవాళ్లు స్కేలు పెట్టి కళ్లతో కొలవొద్దు. వెనకాల అచ్చయిన అంకె చదవండి. అంకె లేకపోతే? కొనొద్దు.

అదే చోట జేడబ్ల్యూఎల్ అనే గుర్తు ఉందా చూడండి. అది జపాన్ వాళ్ల ప్రమాణం. వంపు పరీక్ష, బరువుతో దొర్లించే పరీక్ష, దెబ్బ పరీక్ష తట్టుకున్న డిజైన్ అని దాని అర్థం. మన దేశపు ఐఎస్ఐ గుర్తు ఉంటే మరీ మంచిది. ఇంకొకటి, మ్యాక్స్ లోడ్ అని కిలోల్లో ఉంటుంది. టాక్సీవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. నిండుగా ఎక్కిన బండిలో వెనక ఇరుసు మీద పడే బరువులో సగం ఎంతో, రిమ్ము మీద రాసిన అంకె దానికంటే ఎక్కువ ఉండాలి. చిన్న కారు కోసం పోసిన రిమ్ము బోల్టులు కలిశాయని ఏడుగురు కూర్చునే బండికి వేస్తారా? వేస్తున్నారు. అందుకే చెబుతున్నా.

టైరు కొలత మార్చినప్పుడు మొత్తం ఎత్తు మారకుండా చూసుకోవాలి. లెక్క తేలిక. స్విఫ్ట్‌లో కింది మోడల్‌కి 165/80 ఆర్14, పై మోడల్‌కి 185/65 ఆర్15 వస్తుంది. మొదటిదాని మొత్తం వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోది 621న్నర. చూశారా? రిమ్ము ఒక అంగుళం పెరిగింది, టైరు గోడ ఆ మేరకు తగ్గింది, ఎత్తు అలాగే ఉంది. కంపెనీవాడు ఆ లెక్క వేసే ఇచ్చాడు. మీ కారుకే వేరే వేరియంట్‌లో కంపెనీ ఇచ్చిన సైజు వేసుకుంటే టెన్షన్ లేదు. స్పీడోమీటరు సరిగ్గా చూపిస్తుంది, బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52తో పేచీ రాదు, ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు వాదన ఉండదు. దీనికి మించి చట్టం గురించి నేను చెప్పను.

ఇప్పుడు బిగించడం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

చక్రం నడిమి రంధ్రం ఉంది కదా, సెంటర్ బోర్. హబ్ మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం మీద అది కూర్చోవాలి, తిరగలి పై రాయి నడిమి మేకు మీద కూర్చున్నట్టు. స్విఫ్ట్ హబ్ 54.1 మిల్లీమీటర్లు. కానీ బయట దొరికే రిమ్ములు రకరకాల కార్లకు సరిపోవాలని రంధ్రం పెద్దది పెట్టి పోస్తారు. 73 దాకా ఉంటాయి. అప్పుడు మధ్యలో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీకి రింగు వేయాలి. రింగు లేకుండా వేస్తే 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. కస్టమర్ వచ్చి బ్యాలెన్సింగ్ చేయించుకుంటాడు, మళ్లీ వణుకుతుంది, మళ్లీ చేయించుకుంటాడు. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద రిమ్ము దాని కోన్ మీద సరిగ్గానే కూర్చుంటుంది, కాబట్టి అక్కడ తప్పు కనపడదు. తప్పు కారు హబ్ మీద ఉంది. డబ్బు పోతుంది, వణుకు పోదు. రింగు కూడా ప్లాస్టిక్‌ది వద్దు. కొండ దిగిన వేడికి అది మెత్తబడి అతుక్కుపోతుంది. అల్యూమినియం రింగు తీసుకోండి. ధరలో తేడా ఒక పూట డీజిల్ అంత కూడా ఉండదు.

హబ్ ముఖం మీద తుప్పు పొరలు కట్టి ఉంటుంది. వైరు బ్రష్‌తో శుభ్రంగా గీకి, గుడ్డతో తుడిచాకే రిమ్ము పెట్టండి. తుప్పు పొర మీద బిగిస్తే నట్టు బిగువు ఆ పొర మీద ఆగుతుంది. రెండు రోజుల్లో ఆ పొర నలిగి పొడవుతుంది. బిగువు పోతుంది. నట్టుని ఎవరూ వదులు చేయలేదు, దానంతట అదే వదులైంది.

ఇక నట్టు. మారుతి బండ్లకి 12 మిల్లీమీటర్ల బోల్టు, మర పిచ్, అంటే ఒక చుట్టుకి నట్టు కదిలే దూరం, 1.25 మిల్లీమీటర్లు. హ్యుందాయ్, టయోటా బండ్లకి అదే 12, కానీ పిచ్ 1.5. డబ్బాలో కలిసిపోతాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తప్పు నట్టు ఒకటి రెండు చుట్లు చేత్తో ఎక్కి ఆగిపోతుంది. అక్కడ ఆగిందంటే ఏం చేయాలి? తీసేయాలి. మన కుర్రాళ్లు ఏం చేస్తున్నారు? నట్లు బిగించే గన్ పెట్టి టర్ర్‌మని కొడుతున్నారు. మర మొత్తం చెక్కుకుపోతుంది. తమ్ముళ్లూ, నట్టు మొదట చేత్తోనే ఎక్కించాలి. చేత్తో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. 1.5 పిచ్ అయితే కనీసం 8 చుట్లు, 1.25 అయితే దాదాపు 10 చుట్లు పడాలి. అంటే 12 మిల్లీమీటర్ల బోల్టుకి 12 మిల్లీమీటర్లు మర పట్టిందన్నమాట. అలాయ్ రిమ్ము ఇనుప రిమ్ము కంటే మందం. కాబట్టి పాత నట్టు మూడు నాలుగు చుట్లకే ఆగిపోయే అవకాశం ఉంది. లెక్కపెట్టకపోతే ఇది తెలియదు.

నట్టు కూర్చునే చోటు ఆకారం కూడా చూడాలి. కోన్‌లా ఉండేవి ఉన్నాయి, గుండ్రంగా ఉండేవి ఉన్నాయి, వాషర్‌తో సమంగా ఉండేవి ఉన్నాయి. కోన్ గుంతలో గుండ్రటి నట్టు వేస్తే సన్నటి అంచు మీదే ఆనుతుంది. నట్టు తీసి చూడండి. గుంతలో మెరిసే గీత వెడల్పుగా, చుట్టూరా ఒకేలా ఉంటే సరిగ్గా కూర్చున్నట్టు. సన్నటి గీత ఒక పక్కే ఉంటే నట్టు తప్పు.

బిగించేటప్పుడు వరసగా పక్కపక్కవి బిగించొద్దు. ఒకటి బిగించాక దానికి ఎదురుది. మొదట బండి జాకీ మీద ఉండగా సగం బిగువు, కిందికి దించాక టార్క్ రెంచ్‌తో, అంటే బిగువు కొలిచే స్పానర్‌తో, పూర్తి బిగువు. ఎంత? మీ కారు పుస్తకంలో ఉంటుంది. చిన్న కార్లకి మోడల్‌ని బట్టి మారుతుంది, ఇన్నోవాకి 100 న్యూటన్ మీటర్ల పైన. వీల్ స్పానర్ మీద కాలు పెట్టి ఎగిరితే ఎంత వస్తుందో ఎవరికి తెలుసు? బోల్టు మీద గ్రీజు రాసే అలవాటు ఉంది, అది మానేయండి. గ్రీజు రాస్తే అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచ్ పెట్టి చూడాలి. కొత్త రిమ్ములు వేసుకున్నవాళ్లు రేణిగుంట, శ్రీకాళహస్తి దాకా వెళ్లి వచ్చి చూపించుకోండి. ఆ తర్వాతే కొండ ఎక్కండి.

ఫినిషింగ్ దగ్గరికి వస్తున్నాను.

గీతలు పడ్డ రిమ్ము తెస్తారు. నేను మొదట చేసేది కడగడం, రెండోది లోపలి గోడ చూడటం. గుంతలో పడ్డ దెబ్బకి పగులు ఎక్కువగా లోపలి అంచు నుంచే మొదలవుతుంది. బయటి నుంచి ఏమీ కనపడదు. దానికి ఎర్రటి ద్రవం ఒకటి దొరుకుతుంది. శుభ్రంగా తుడిచిన లోహం మీద అది కొట్టి, కాసేపు ఆగి, తుడిచేసి, పైన తెల్ల పొడి కొడతాం. పగులు ఉంటే ఆ తెలుపులోంచి సన్నటి ఎర్ర గీత పైకి వస్తుంది. వెంట్రుక కంటే సన్నటి పగులు కూడా బయటపడుతుంది. పగులు కనిపిస్తే ఆ రిమ్ము తూకానికి వేసేయడమే. వెల్డింగ్ చేయిస్తామంటారు. చేయించొద్దు.

ఎందుకు వద్దంటున్నాను? ఇది చాలా ముఖ్యం. అలాయ్ చక్రం ఎక్కువగా అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి పోస్తారు. పోశాక దాన్ని 540 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ ఉంచి, గబుక్కున నీళ్లలో చల్లార్చి, మళ్లీ 150, 180 డిగ్రీల మధ్య ఇంకొన్ని గంటలు ఉంచుతారు. ఆ బలమంతా ఈ వేడి లెక్కలో వచ్చిందే. మనవాళ్లు వంగిన రిమ్ముకి గ్యాస్ మంట పెట్టి సుత్తితో కొడతారు. ఇనుమైతే ఎర్రబడి ఎంత వేడెక్కిందో చెబుతుంది. అల్యూమినియం చెప్పదు. కరిగేదాకా రంగు మారదు. మంట పెట్టిన చోట పదును పోతుంది, చుట్టూ ఉంటుంది. పైన రంగు వేస్తే అద్దంలా ఉంటుంది. ఆ మెత్తబడ్డ చోటు మీదే బండి మలుపు తిరుగుతుంది. ఇనుప రిమ్ము అంచు కాస్త వంగితే సరిచేయొచ్చు, దానికి ఆ గుణం ఉంది. అలాయ్‌కి మంట పెట్టకండి. దండం పెట్టి చెబుతున్నా, మంట పెట్టకండి.

పొడి రంగు చల్లే పౌడర్ కోటింగ్ కూడా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. చెప్పిన సమయం మేరకు ఒకసారి చేస్తే ఇబ్బంది లేదు. నచ్చలేదని రంగు మార్చి మార్చి మళ్లీ మళ్లీ కాల్చడం, గంటలకొద్దీ వదిలేయడం మంచిది కాదు. డైమండ్ కట్ రిమ్ములు, అంటే లేత్ మీద ముఖం చెక్కి మెరిపించినవి, మళ్లీ లేత్ మీద ఎక్కించిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. ఒకటి రెండుసార్లకి మించి ఎక్కించొద్దు.

పాత రంగు తీయడానికి బాత్‌రూమ్ యాసిడ్ వాడేవాళ్లున్నారు. అది లోహాన్ని తినేస్తుంది, సూది గుంతల్లో దాక్కుని రంగు కిందే పని చేస్తూ ఉంటుంది. రంగు తీసే మందు వేరే ఉంది, అది వాడండి. చేతులకి గ్లౌజులు వేసుకుని, గాలి ఆడే చోట. తర్వాత ఎమరీ పేపర్. దెబ్బ ఉన్న చోట 80తో మొదలుపెట్టి, 180, 320, చివర 400. ఒక్కో నంబరు ముందు నంబరు గీతల్ని పూర్తిగా చెరిపేయాలి. తొందరపడి 80 నుంచి 320కి దూకితే ఆ లోతు గీతలు రంగు ఆరాక పైకి తేలతాయి. అంచు మీద గీతకి పుట్టీ పెట్టొచ్చు, కానీ పలచగా. టైరు కూర్చునే గాడిలో పుట్టీ అసలు వద్దు.

రుద్దిన అల్యూమినియం ఖాళీగా వదలకూడదు. గాలి తగలగానే పైన ఆక్సైడు పొర కడుతుంది. పొద్దున రుద్ది, రేపు ప్రైమర్ కొడదాం అంటే కుదరదు. రుద్దడం అయిపోగానే తుడిచి, అదే పూట ఎపాక్సీ ప్రైమర్. ప్రైమర్ కొట్టే ముందు రెండు చోట్ల టేపు వేయాలి: వెనక హబ్‌కి ఆనే ముఖం మీద, నట్టు గుంతల్లో. అక్కడ రంగు పొరలు పేరుకుంటే ఇందాక తుప్పు గురించి చెప్పిన కథే మళ్లీ జరుగుతుంది. పొర నలుగుతుంది, నట్టు వదులవుతుంది. ఎవరైనా రిమ్ము మొత్తం, నట్టు గుంతలతో సహా నిగనిగలాడేట్టు రంగు వేసి ఇస్తే మెచ్చుకోకండి. గీకించండి.

వాతావరణం సంగతి. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలో థిన్నర్ గాల్లోనే ఆరిపోతుంది, రంగు పొడిపొడిగా పడి నారింజ తొక్కలా వస్తుంది. పొద్దున్నే కొట్టండి, నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడండి. నవంబరులో దానికి తలకిందులు. 2021 నవంబరు వానలు మీకు గుర్తే, ఊరంతా నీళ్లు. ఆ తేమలో క్లియర్, అంటే రంగు మీద కొట్టే పారదర్శకమైన పూత, కొడితే పాలలా తెల్లబడుతుంది. ముసురులో క్లియర్ కొట్టొద్దు. కస్టమర్ తొందరపెట్టినా కొట్టొద్దు.

ఇంకో మాట, ఇది షాపు ఓనర్లకి. రెండు డబ్బాలు కలిపి కొట్టే క్లియర్ ఉంది కదా, దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్ని పట్టుకుంటాయి, ఆస్తమా తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం వాసనకే ఆయాసం వస్తుంది. చేతి రుమాలు, కాగితం మాస్కు దీనికి పనికిరావు. కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు ముక్కుకి గుడ్డ కట్టుకుని స్ప్రే గన్ పట్టుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. కంప్రెసరుకి పెట్టిన డబ్బులో చిన్న భాగం మాస్కుకి పెట్టలేమా? పెట్టాలి. మాస్కు లేని చోట స్ప్రే పని చేయమని పిల్లలు కూడా చెప్పాలి.

క్లియర్ ఆరాక టైరు వెంటనే ఎక్కించొద్దు, కనీసం ఒక రోజు ఆగండి. టైరుతో పాటు రబ్బరు వాల్వు కొత్తది వేయండి. బ్యాలెన్సింగ్ బరువులు అంచుకి కొట్టే క్లిప్పులు వద్దు, కొత్త పూత చిట్లుతుంది. లోపల అంటించేవి వేయమనండి, బ్రేకు క్యాలిపర్‌కి తగలకుండా చూసి. టైరు కొనేటప్పుడు పక్క గోడ మీద గుడ్డు ఆకారపు గీత లోపల ఉన్న నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. టైర్లు మన జిల్లాలోనే చినపాండూరులో తయారవుతున్నాయి, అలాయ్ చక్రాలు విశాఖపట్నంలో పోస్తున్నారు. మన పిల్లలు ఈ పని సరిగ్గా నేర్చుకుంటే రేపు ఆ ఫ్యాక్టరీల్లో కూడా చోటు ఉంటుంది.

కొండ దిగి అలిపిరి దాటగానే కొందరు బండి ఆపి చక్రాల మీద బకెట్టుతో నీళ్లు కుమ్మరిస్తారు. డిస్కు కాలుతూ ఉంటుంది అప్పుడు. చన్నీళ్లు పడితే డిస్కు వంకర పోతుంది. చల్లబడ్డాక, కారు షాంపూతో, మెత్తటి గుడ్డతో కడగండి. బ్రేకు నుంచి వచ్చే నల్లపొడిలో ఇనుప రేణువులుంటాయి. అవి వేడిగా వచ్చి క్లియర్‌లో దిగబడతాయి. వారానికి ఒకసారైనా కడిగితే పూత నిలుస్తుంది.

వెనకాల ఒక అన్న స్టెప్నీ గురించి అడుగుతున్నారు. మంచి ప్రశ్న. నాలుగూ అలాయ్ వేశాం, స్టెప్నీ మాత్రం పాత ఇనుప రిమ్మే ఉంది, ఏం చేయాలి? రెండు సంగతులు. మొదటిది, కొత్త అలాయ్‌కి కొన్న నట్లు ఇనుప రిమ్ముకి సరిపోతాయో లేదో ఇప్పుడే, షాపులో ఉండగానే, స్టెప్నీ ఎక్కించి చూసుకోండి. సరిపోకపోతే పాత నట్లు ఒక సెట్టు గుడ్డలో చుట్టి స్టెప్నీ పక్కనే ఉంచండి. రాత్రి భాకరాపేట ఘాట్‌లో పంచరైతే అక్కడ నట్లు ఎవరూ తెచ్చివ్వరు. రెండోది, స్టెప్నీ టైరు మొత్తం ఎత్తు మిగతా నాలుగింటితో సమానంగా ఉందో లేదో లెక్క చూసుకోండి. తేడా ఉంటే పంచరు షాపు దాకా మాత్రమే నడపండి, దాంతో కొండ ఎక్కొద్దు.

ఈ బల్ల మీద మూడు రిమ్ములు పెట్టాను. వాటిలో ఒకదానికి పగులుంది. ఎర్ర ద్రవం, తెల్ల పొడి కూడా తెచ్చాను. తమ్ముళ్లూ, ముందు మీరు రండి. ముందు కళ్లతో వెతకండి, తర్వాత మందు కొట్టి చూద్దాం.